నిమిషంన్నర బౌట్ కోసం రోజంతా పడిగాపులు

ప్రశ్న: మా బాబుకి 11 ఏళ్లు. గాజువాకలో మా ఇంటి దగ్గరే కరాటే క్లాసుకి వెళ్తున్నాడు, ఇష్టంగానే నేర్చుకుంటున్నాడు. ఈమధ్య టౌన్లో జరిగిన టోర్నమెంటుకి మొదటిసారి తీసుకెళ్లాం. పొద్దున్న ఏడింటికల్లా రిపోర్ట్ చేయమన్నారు. అయిదింటికే లేపి, సరిగ్గా టిఫిన్ కూడా పెట్టకుండా పరుగెత్తాం. వాడి పేరు పిలిచేసరికి సాయంత్రం నాలుగున్నర. నిమిషంన్నరలో ఓడిపోయాడు. వాడు కొట్టిన పంచ్‌కి పాయింట్ ఇవ్వలేదని మావారు అక్కడ కాస్త గొడవపడ్డారు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద ముగ్గురం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇప్పుడు క్లాసుకి వెళ్తానంటాడు గానీ, టోర్నమెంటు పేరెత్తితే కడుపునొప్పి అంటున్నాడు. మాస్టారేమో వచ్చే నెల వేరే ఊళ్లో నేషనల్స్ ఉన్నాయి, పేరు ఇచ్చేయండి అంటున్నారు. ఫీజు, ప్రయాణం, రూము కలిపితే మాకు భారమే. పంపమంటారా? అసలు ఈ టోర్నమెంట్లన్నీ ఇలాగే ఉంటాయా?
– ఒక తల్లి, గాజువాక

సమాధానం:

వచ్చే నెల పంపకండి. మాస్టారికి ఆ మాట ఎలా చెప్పాలో చివర్లో చూద్దాం. అలాగని టోర్నమెంట్లే వద్దనుకోకండి. మీ ఉత్తరంలో బాబు ఓడిపోయిన సంగతి ఒక్క ముక్కలో తేలిపోయింది. మిగతాదంతా నిద్ర, టిఫిన్, ఎదురుచూపు, గొడవ, బండి మీద మౌనం. వాడికి కడుపునొప్పి తెప్పిస్తున్నది కూడా ఆ మిగతాదేనని నాకు అనిపిస్తోంది. ఓడిపోతానన్న భయమే అయితే క్లాసులో స్పారింగ్‌కి, అంటే ఎదురెదురుగా నిలబడి ఆడే సాధనకి కూడా ఏదో ఒక వంక పెట్టేవాడు కదా.

స్కోరు టేబుల్ దగ్గర కూర్చుని చాలా పోటీలు చూశాను కాబట్టి, ఆ తొమ్మిదిన్నర గంటలు ఎటు పోయాయో చెప్పగలను. అందరినీ ఏడింటికే రప్పించడం నిర్వాహకులకు సుఖం. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో తేలిపోతుంది, బరువులు చూడటం అయిపోతుంది, ఎవరు ఎవరితో ఆడాలో డ్రా వేసుకోవచ్చు. ఆ తర్వాత ముఖ్య అతిథి రావాలి, జ్యోతి వెలిగించాలి, శాలువాలు కప్పాలి. మొదటి బౌట్ మొదలయ్యేసరికి పదవుతుంది. శాలువాల వల్ల ఏ పిల్లాడి కిక్కూ అంగుళం ఎత్తు పెరగలేదు గానీ, ఆ కార్యక్రమం మాత్రం ఎవరూ మానరు.

ఇక బౌట్ సంగతి. పేరుకి నిమిషంన్నరే. మ్యాట్ మీద మాత్రం అది నాలుగు నిమిషాలు తింటుంది. మైకులో పేరు పిలుస్తారు. ఆ పిల్లాడు గ్యాలరీలో అమ్మ ఒళ్లో నిద్రపోతుంటాడు. రెండోసారి పిలుస్తారు. వాళ్ల నాన్న చేయి పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. కట్టుకున్నది ఎర్ర బెల్టు, వాడు నిలబడాల్సింది నీలం వైపు. బెల్టు మార్చాలి. గ్లవ్స్ లేవు, అప్పుడే మ్యాట్ దిగినవాడి దగ్గర చెమటతో తడిసినవి అడిగి తొడగాలి. తీరా మొదలయ్యాక రిఫరీ 'యమే' (ఆపండి) అన్నప్పుడల్లా గడియారం ఆగుతుంది. ఒక విభాగంలో 32 మంది ఉంటే విజేత తేలడానికి 31 బౌట్లు జరగాలి. నాలుగేసి నిమిషాల చొప్పున వేసుకుంటే రెండు గంటలు దాటుతుంది. ఆ మ్యాట్ మీద మీవాడి విభాగం మూడోదో నాలుగోదో అయితే సాయంత్రం కావడంలో వింతేమీ లేదు.

ఇదే లెక్కలో ఇంకో సంగతుంది, అది బాబుకి చెప్పాలి. 32 మందిలో 16 మంది మొదటి బౌట్‌లోనే ఓడిపోతారు. ఎంత గొప్ప పిల్లలు వచ్చినా ఆ అంకె మారదు. ఒక కాగితం మీద డ్రా గీసి, పేర్లు రాసి, ఒక్కొక్క రౌండులో ఎంతమంది మిగులుతారో వాడిచేతే కొట్టేయించండి. నేనొక్కడినే ఓడిపోయాను అన్న బాధ చాలావరకు అక్కడే దిగిపోతుంది.

ఈసారి వెళ్లినప్పుడు డ్రా షీట్ గోడకి అంటించగానే ఫోనులో ఫొటో తీసుకోండి. మ్యాట్ నంబరు, బౌట్ నంబరు, ఈ రెండే మీకు కావలసినవి. ఉదాహరణకి మీవాడిది రెండో మ్యాట్, 63వ బౌట్ అనుకోండి. పదింటికి అక్కడ 12వ బౌట్ నడుస్తోంది, పది నలభైకి 22వది నడుస్తోంది. అంటే బౌట్‌కి నాలుగు నిమిషాలు. ఇంకా 41 బౌట్లు ఉన్నాయి కాబట్టి 164 నిమిషాలు పడుతుంది. ఒంటిగంట ఇరవై దాటితే గానీ మీ వంతు రాదు. మధ్యలో భోజనాల విరామం ఇస్తే రెండు. గంటకోసారి మళ్లీ లెక్క చూసుకోండి, వేగం మారుతూ ఉంటుంది. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే రోజంతా మైకు వంక చెవులు రిక్కించి కూర్చునే అవసరం ఉండదు. మీ ఇద్దరిలో ఒకరు మ్యాట్ దగ్గర ఉండి, ఇంకొకరు బాబుని బయటికి తీసుకెళ్లి చెట్టు నీడన కూర్చోబెట్టొచ్చు, కాసేపు పడుకోబెట్టొచ్చు. పొద్దున్నుంచీ ప్రతి బౌట్ చూపించకండి. ఏడుస్తూ మ్యాట్ దిగే పిల్లల్ని పాతికమందిని చూశాక ఎవడికి ఆడాలనిపిస్తుంది?

కూర్చుని కూర్చుని ఒళ్లు బిగుసుకుపోయిన పిల్లాడిని నేరుగా మ్యాట్ ఎక్కిస్తే కాలు లేవదు. మొన్న మీవాడికి జరిగింది కూడా అదే అయ్యుండొచ్చు. పదిహేను బౌట్లు ఉన్నాయనగా లేపి ముఖం కడిగించండి. పది ఉన్నాయనగా మెల్లగా జాగింగ్, కాళ్లు సాగదీయడం, తర్వాత క్లాసులో రోజూ చేసే పంచ్‌లు, కిక్‌లు మొదలుపెట్టించండి. చెమట సన్నగా పట్టాక చాలు. మూడు నాలుగు బౌట్లు ఉన్నాయనగా గ్లవ్స్ తొడిగి మాస్టారికి అప్పగించి మీరు గ్యాలరీకి వెళ్లిపోండి. ఆఖరి నిమిషంలో అమ్మానాన్నల ముఖాల్లో టెన్షన్ చూస్తే వాడికీ అంటుకుంటుంది.

మన ఊళ్లో ఇండోర్ పోటీలు స్వర్ణభారతి స్టేడియంలోనో, పోర్టు స్టేడియంలోనో, ఏదో ఒక కాలేజీ హాల్లోనో జరుగుతుంటాయి. ఎక్కడైనా ఉక్కపోత తప్పదు, సముద్రం పక్కన ఉన్నాం. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే ఎండలో నిలబడకపోయినా మధ్యాహ్నానికి పిల్లలు తోటకూర కాడల్లా వాడిపోతారు. కరాటే డ్రెస్ మందపాటి గుడ్డ. దాన్ని పొద్దున్నే వేసి సాయంత్రం దాకా ఉంచకండి. బరువు చూడటం అయ్యాక జాకెట్ విప్పించి పాత కాటన్ టీషర్ట్ వేయండి. దాహం వేసినప్పుడే కాకుండా మధ్యమధ్యలో నాలుగు గుక్కల నీళ్లు, రెండు పూటల మధ్య ఒకసారి ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ లేదా ఓఆర్‌ఎస్ పట్టించండి. తిండి విషయంలో ప్రయోగాలు వద్దు. పొద్దున్న ఇడ్లీ, వెంట అరటిపళ్లు, పల్లీ చిక్కీ, ఒక డబ్బాలో పెరుగన్నం. అన్నం బౌట్‌కి కనీసం రెండు గంటల ముందే అయిపోవాలి, తర్వాత అరటిపండు చాలు. స్టేడియం బయట బండి మీద నూడిల్స్ ఆట అయిపోయాకే.

బరువు మాట వచ్చింది కాబట్టి ఇదీ వినండి. ఒక కేజీ తగ్గితే కింది కేటగిరీలో సులువుగా గెలుస్తాడు, రాత్రి భోజనం మాన్పించండి అనేవాళ్లు ఉంటారు. మీ మాస్టారు ఆ మాట అన్నారని మీరు రాయలేదు. ఎవరన్నా సరే, ఎదిగే పిల్లాడిని పస్తు పెట్టడానికి ఒప్పుకోకండి. వాడి బరువు ఎంత ఉంటే ఆ కేటగిరీలోనే ఆడతాడు.

ఇప్పుడు మీవారి గొడవ. ఆయన తప్పు చూశారని నేను అనను. పంచ్ తగిలే ఉండొచ్చు. కానీ కరాటేలో పాయింట్ ఎలా వస్తుందో గ్యాలరీలో కూర్చున్న చాలామందికి తెలియదు. మ్యాట్ నాలుగు మూలలా నలుగురు జడ్జీలు ఎర్ర, నీలి జెండాలతో కూర్చుంటారు. కనీసం ఇద్దరు ఒకే రంగు జెండా ఎత్తితేనే పాయింట్. మీవాడి వీపు ముగ్గురికి అడ్డమై ఒక్కరికే ఆ పంచ్ కనిపిస్తే అది లెక్కలోకి రాదు. పంచ్‌కి ఒక పాయింట్, పొట్టమీద కిక్‌కి రెండు, తలకి కిక్‌కి మూడు. పైగా ఇది గట్టిగా కొట్టి పడేసే ఆట కాదు. దెబ్బ తగిలేచోట ఆపగలగడమే ఇందులో నేర్పు. చిన్నపిల్లల విభాగాల్లో ముఖానికి గట్టిగా తగిలిస్తే పాయింట్ రాకపోగా పెనాల్టీ పడుతుంది. 'ఫేస్‌కి కొట్టరా' అని గ్యాలరీలోంచి గొంతు చించుకునే నాన్నలకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

అభ్యంతరం చెప్పాలంటే అది కోచ్ పని. ఆయన పద్ధతి ప్రకారం వెంటనే టేబుల్‌కి చెబుతారు. పిల్లాడి నాన్న మ్యాట్ దగ్గరికి దూసుకెళ్తే తీర్పు మారదు, పిల్లాడు మాత్రం తలదించుకుంటాడు. తోటి పిల్లలంతా చూస్తుంటారు, అది వాడికి ఓటమికన్నా పెద్ద అవమానం. ఆయన చేతికి ఫోనిచ్చి వీడియో తీయమనండి. వీడియో తీసేవాళ్లు అరవలేరు, అది నేను గమనించిన సంగతి. ఆ వీడియో మర్నాడు క్లాసులో మాస్టారికి చూపిస్తే పనికొస్తుంది. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని మాత్రం చూడకండి.

మ్యాట్ దిగాక పిల్లాడితో ఏం మాట్లాడాలని తల్లిదండ్రులు నన్ను చాలాసార్లు అడుగుతుంటారు. పెద్దగా ఏమీ మాట్లాడక్కర్లేదు. నీళ్లిచ్చి, తువ్వాలు ఇచ్చి, 'ఆకలేస్తోందా?' అంటే చాలు. ఎందుకు ఓడిపోయావన్న ప్రశ్నకి ఏ 11 ఏళ్లవాడి దగ్గరా జవాబు ఉండదు. 'పర్లేదులే, నెక్స్ట్ టైం గోల్డ్ కొడతావు' అన్నది ఓదార్పులా వినిపిస్తుంది గానీ, అది ఇంకో బరువు. ఇంటికి దారి చుట్టే అయినా ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి మురీ మిక్చర్ కొనిపెట్టండి. గెలిచినా అదే, ఓడినా అదే అని ముందురోజే చెప్పి ఉంచండి. వాడు ఆట గురించి ఎత్తితే వినండి, ఎత్తకపోతే వదిలేయండి.

అన్నట్టు, ఓడిపోగానే బ్యాగు సర్దేయకండి. కొన్ని పోటీల్లో రెపెషాజ్ ఉంటుంది, అంటే ఫైనల్‌కి చేరినవాళ్ల చేతిలో ఓడినవాళ్లకి కాంస్యం కోసం ఇంకో అవకాశం ఇస్తారు. మొదటి బౌట్ ఓడినవాడు కూడా అలా మళ్లీ రావచ్చు. పేరు పిలిస్తే పిల్లాడు అప్పటికే సిటీ బస్సు ఎక్కేసి ఉంటాడు. రెపెషాజ్ ఉందో లేదో పొద్దున్నే అడిగి పెట్టుకోండి.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినొద్దు. తలకి దెబ్బ తగిలాక తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, అడిగినదానికి తికమకగా జవాబు చెప్పడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకి ఆట ఆపేసి డాక్టరుకి చూపించండి. టీమ్ ఈవెంట్ ఉంది, ఒక్క బౌటే కదా అన్నా సరే. వాడే 'నేను బాగానే ఉన్నాను' అన్నా సరే.

టోర్నమెంట్లన్నీ ఇలాగే ఉంటాయా అన్నారు. చాలావరకు ఇలాగే ఉంటాయి, ఎందుకంటే ఎవరూ అడగరు. ఎంట్రీ ఫీజు కట్టేది మీరు. మీ క్లాసు నుంచి పదిమంది పిల్లలు వెళ్తుంటే, డబ్బు కట్టకముందే ఆ పది కుటుంబాలూ కలిసి మాస్టారి ద్వారా నాలుగు మాటలు అడిగించండి. ఏ వయసువాళ్లు ఎన్నింటికి రావాలో విడివిడిగా చెబుతారా? చిన్నపిల్లల విభాగాలు మధ్యాహ్నంలోపు పూర్తి చేస్తారా? నడుస్తున్న బౌట్ నంబరు వాట్సాప్ గ్రూపులో పెడతారా? డాక్టరు, అంబులెన్సు అక్కడ ఉంటాయా? ఒక్క తల్లి అడిగితే విసుక్కుంటారు. పది ఎంట్రీలు ఆగిపోతాయంటే వింటారు. అడగడంతో ఆగకుండా చేయి కూడా అందించండి. పోటీలు ఆలస్యం కావడానికి పెద్ద కారణం పిల్లల్ని ముందుగా వరసలో కూర్చోబెట్టే మనుషులు లేకపోవడం. తర్వాతి ఐదు బౌట్ల పిల్లల్ని పిలిచి, బెల్టు రంగు చూసి, గ్లవ్స్ తొడిగించి బెంచీ మీద కూర్చోబెట్టడానికి ఒక్కో మ్యాట్‌కి ఇద్దరు పేరెంట్స్ చాలు. దానికి కరాటే రావక్కర్లేదు. బౌట్‌కి ఒక నిమిషం మిగిలినా 60 బౌట్లకి గంట కలిసొస్తుంది. అరవాలని ఉబలాటపడే మీవారికి ఇంతకన్నా మంచి పని దొరకదు.

ఇక నేషనల్స్. కరాటేలో షోటోకాన్, షిటో-ర్యు, గోజు-ర్యు, వాడో-ర్యు అని రకరకాల శైలులు, వాటికి ఎన్నో సంఘాలు. కొన్ని సంఘాలు బ్యానరు మీద 'నేషనల్', 'ఇంటర్నేషనల్' అని రాసేసుకుంటాయి, పక్క రాష్ట్రం నుంచి నాలుగు క్లాసులు వచ్చినా సరే. ఆ సర్టిఫికెట్ ఎక్కడ చెల్లుతుందన్నది పోటీ పేరును బట్టి ఉండదు, నడిపే సంఘానికి ఉన్న గుర్తింపును బట్టి ఉంటుంది. అందుకే ఏ సంఘం నడుపుతోందో, గుర్తింపు ఎవరు ఇచ్చారో కాగితం చూపించమనండి. బడి ద్వారా వెళ్లే స్కూల్ గేమ్స్ వేరు. వాటిని స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ నడుపుతుంది, అండర్-14, 17, 19 అని విభాగాలుంటాయి. మీవాడికి సర్టిఫికెట్ అవసరమయ్యే వయసు రావడానికి ఇంకా చాలా కాలం ఉంది, అప్పుడు బడిలో పీఈటీ సార్‌ని అడగండి. ఎవరైనా ఒలింపిక్స్ పేరు చెప్పి ఊరిస్తే, కరాటే ఇప్పటిదాకా ఒక్క టోక్యో ఒలింపిక్స్‌లోనే, అదీ 2021లో జరిగినప్పుడు ఉందని, 2024 పారిస్‌లో లేదని, 2028 లాస్ ఏంజెలెస్ జాబితాలోనూ లేదని గుర్తుపెట్టుకోండి. మీ మాస్టారిది దురుద్దేశమని నేను అనడం లేదు. క్లాసు నుంచి ఎక్కువమంది వెళ్తే ఆయనకి పేరు, అంతే. దానికోసం మీరు అప్పు చేయక్కర్లేదు.

దాని బదులు, ఊళ్లో ఈసారి ఎక్కడ పోటీలు జరిగినా బాబుని ఊరికే చూడటానికి తీసుకెళ్లండి. డ్రెస్ వద్దు, పేరు ఇవ్వడం వద్దు. మధ్యాహ్నం భోజనం చేసి, పెద్దవాళ్ల సెమీస్, ఫైనల్స్ జరిగే వేళకి వెళ్లి రెండు గంటలు చూసి వచ్చేయండి. మంచి ఆట చూస్తే వాడి కాళ్లు వాటంతట అవే కదులుతాయి. ఆ తర్వాత పక్క క్లాసు పిల్లలతో ఆదివారం పూట జరిగే చిన్న ఇంటర్-క్లబ్ పోటీలో ఆడించండి. కుమితేకి, అంటే మొన్నటిలా ప్రత్యర్థితో ఆడే బౌట్‌కి ఇంకా జంకుతుంటే, ఒక్కడే వరసగా కదలికలు చేసి చూపించే కటాలో పేరు ఇవ్వండి. అందులో ఎవరూ ఎవరినీ కొట్టరు, చాలాచోట్ల అదే ముందు జరుపుతారు కాబట్టి పొద్దున్నే పని అయిపోతుంది. మొదట్లో ఒక్క ఈవెంటే చాలు. మ్యాట్, పిలుపు, రిఫరీకి వంగి నమస్కారం, ఇవన్నీ అలవాటైతే కుమితే గురించి వాడే అడుగుతాడు.

మాస్టారితో ఎదురెదురుగా కూర్చుని చెప్పండి. 'ఈ ఏడాది ఊళ్లో జరిగేవాటికే తీసుకొస్తాం మాస్టారూ. అప్పటిదాకా స్పారింగ్ రోజు మావాడిని కొత్త పిల్లలతో కాస్త ఎక్కువ ఆడించండి' అనండి. వద్దు అనకుండా ఒక పని అడిగితే ఆయనకీ చిన్నబోయినట్టు ఉండదు. నేషనల్స్‌కి రాకపోతే బెల్టు పరీక్షలో వెనకబడతాడని ఆయన అంటే మాత్రం, గాజువాకలో ఇంకో క్లాసు చూసుకోవలసిన సమయం వచ్చినట్టే.

ప్రయాణానికి పెట్టాలనుకున్న డబ్బులో కొంచెం తీసి ఎరుపు ఒక జత, నీలం ఒక జత గ్లవ్స్, కాళ్లకి గార్డులు, ఒక మౌత్ గార్డు కొనండి. మౌత్ గార్డు వేడినీళ్లలో ముంచి పళ్లకి అచ్చు వేసుకునే రకం తీసుకోండి, దాన్ని ఇప్పటినుంచే క్లాసులో పెట్టించండి. అలవాటు లేనివాళ్లు బౌట్ మధ్యలో ఊపిరాడటం లేదని ఉమ్మేస్తుంటారు.